క్లోరోఫాం చేతబట్టిన రూపాబాయి

1702లో బెర్లిన్‌లో మరియా వింకెల్‌మన్ ఒక తోకచుక్కను కనిపెట్టింది. లోకానికి మాత్రం అది ముందు ఆమె భర్త గాట్‌ఫ్రీడ్ కిర్ష్ పేరుమీదే తెలిసింది. 1710లో ఆయన పోయాక, ఇద్దరూ కలిసి చేసిన పంచాంగాల పనిని తనకే అప్పగించమని ఆమె బెర్లిన్ విజ్ఞాన అకాడమీని వేడుకుంది. తత్వవేత్త లైబ్నిజ్ అండగా నిలిచినా ఫలితం లేకపోయింది. ఆమెకు పని వచ్చా రాదా అన్నది కాదు అక్కడి తర్జనభర్జన. ఒక స్త్రీకి ఇస్తే అదే ఆనవాయితీ అవుతుందన్న జంకు. శాస్త్రం ఇంటిపట్టున సాగినన్నాళ్లూ స్త్రీలకు అందులో చోటుంది. సంస్థల చేతికి వెళ్లాక గడప దాటనివ్వలేదు.

ఆ గడప హైదరాబాద్‌లో ఎలా దాటారో చూద్దాం. ఇక్కడి మీర్‌పేట్ నుంచి అమ్మాయిలు ఇవాళ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి వెళ్లి చదువుకోవచ్చు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది. ఆ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ కూడా. 1885లో ఆ స్కూల్లో అయిదుగురు స్త్రీలు చేరారు. వారిలో పార్శీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. దీన్ని నిజాం రాజ్యపు ఉదారత అనుకుంటే పొరపాటే. పరదాలో ఉన్న స్త్రీలు మగ డాక్టరుకు నాడి చూపించని రోజులవి. ఆడ డాక్టర్లు లేకపోతే గడవదు. అవసరం తెరిచిన తలుపు అది.

కానీ రూపాబాయి ఆ అవసరం దగ్గరే ఆగిపోలేదు. మత్తుమందు ఇవ్వడం నేర్చారు. మూతి మీద పెట్టిన గుడ్డలోకి క్లోరోఫాం చుక్కలు వదులుతూ, రోగి ఊపిరి మీంచి చూపు మరల్చకూడదు. నాడిని కాదు, శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్నది లారీ పాఠం. దాన్ని నిరూపించడానికే 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి ఆరో నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చారు. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని 1911లో పరిశోధకుడు గుడ్‌మన్ లెవీ తేల్చడంతో, ఊపిరి ఆగకముందు గుండె ఆగదన్న లారీ వాదం నిలవలేదు. ఊపిరిని గమనించే శ్రద్ధకు మాత్రం విలువ తగ్గలేదు.

1889లో హకీం పట్టా పుచ్చుకున్న రూపాబాయి, 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. వైద్యం చదవబోయిన స్త్రీల మీద 1870లో అల్లరిమూకలు బురద చల్లిన నగరం అదే. తిరిగొచ్చి మత్తు వైద్యం కొనసాగించారు. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు.