ధాన్యపు సారాయి – బొగ్గుశుద్ధి: లోవిట్జ్ నుండి ఉత్తేజిత కర్బనం దాకా

1785లో టోబియాస్ లోవిట్జ్ (1757–1804) బొగ్గును చేపట్టింది మద్యశుద్ధి కోసం కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజాస్థాన ఔషధశాలలో ఆయన టార్టారిక్ ఆమ్లం తయారుచేసేవాడు. ద్రావణాన్ని కాచి స్ఫటికాలు తీయబోతే అది గోధుమరంగుకు తిరిగేది. బొగ్గుపొడి కలిసిన ద్రావణం తేటపడడం గమనించిన తరువాతనే అదే పద్ధతిని చెడిన నీటికీ, తేనెకూ, ధాన్యపు సారాయికీ వర్తింపజేసి చూశాడు. కనుక వోడ్కా చరిత్రలలో ఆయనను మద్యశుద్ధి నిపుణుడిగా మాత్రమే చూపడం సగం నిజమే. (మెండెలీవ్ 1865 నాటి సిద్ధాంతవ్యాసం వోడ్కాకు 40 శాతం ప్రమాణాన్ని నిర్ణయించిందన్న ప్రచారంలో ఆ సగం కూడా లేదు.)

ఆ సారాయి దుర్వాసనకు కారణం పులియబెట్టడంలోనే ఉంది. రై వంటి ధాన్యాలు పులిసేటప్పుడు ఇథనాల్‌తోపాటు ఐసోఅమైల్ ఆల్కహాల్ మొదలైన బరువైన ఆల్కహాళ్లు కొద్దిపాళ్లలో పుడతాయి. వీటికే ఫ్యూజెల్ నూనెలని పేరు. బట్టీలో ఒకటి రెండుసార్లు దింపినంతలో ఇవి పూర్తిగా విడిపోవు. నీటితో అంతగా పొసగని ఈ పెద్ద అణువులను బొగ్గు సూక్ష్మరంధ్రాల గోడలు ముందుగా పట్టుకుంటాయి. ఇథనాల్ చాలావరకు జారిపోతుంది. లోవిట్జ్ నాటికి రసాయనశాస్త్రం ఫ్లోజిస్టన్ భావన నుండి పూర్తిగా బయటపడనేలేదు. ఈ క్రియకు అధిశోషణం అన్న పేరును హైన్రిష్ కైజర్ ప్రచారంలోకి తెచ్చింది 1881లో. అంటే దాదాపు శతాబ్దంపాటు వాడుక సాగింది గాని దానికి తగిన పరిభాష లేదు.

వాసన పోయిన మద్యం నిరపాయకరమన్న భావనకు ఈ చరిత్రలో ఆధారం లేదు. మిథనాల్ అణువు ఇథనాల్ కంటే చిన్నది, నీటితో సులభంగా కలిసిపోతుంది. బొగ్గు దానిని నిలుపలేదు. సారాయిలో మిథనాల్ కలిసి ఉంటే అది బొగ్గుపొర గుండా మద్యంతోపాటే దిగివస్తుంది. రుచిని, వాసనను బట్టి దానిని నమ్మకంగా పసిగట్టడమూ సాధ్యం కాదు. ‘శుద్ధి’ అన్న ఒకే మాట పరిమళానికీ, ప్రాణరక్షణకూ వాడబడడమే ఈ గందరగోళానికి మూలం.

రష్యాలో బర్చ్ కలపబొగ్గు వాడుకలో ఉండేది. 1900–01లో ఓస్ట్రెయ్‌కో పొందిన పేటెంట్లు ఉత్తేజిత కర్బన పరిశ్రమకు పునాది వేశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయు ముసుగుల కోసం అమెరికాలో కొబ్బరిచిప్పలు, పీచ్ పండ్ల టెంకలు సేకరించారు. కొబ్బరిచిప్ప బొగ్గు గట్టిది, త్వరగా పొడి కాదు, సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. వరి ఊక సంగతి వేరు: దానిని కాల్చితే ఇంచుమించు ఐదోవంతు బూడిదే మిగులుతుంది, అందులో అత్యధికభాగం సిలికా. దానిని క్షారంతో కరిగించి తీసివేస్తే గాని ఊకబొగ్గుకు తగినంత ఉపరితలం దక్కదు.