శీతల నిక్షేపము – నిత్యవ్యయము



మన ప్రాచీన దేవాలయములలోని శిలాశాసనములను పరికించినవారికి ఒక సంగతి తెలియును. దేవునికి అఖండదీపము నర్పించిన దాత ప్రమిద నిచ్చి ఊరకుండలేదు. నిత్యము నేయి యమరుటకై గొఱ్ఱెలనో, ఆవులనో యొసగి, వానిని మేపు భారము నొకరి కప్పగించి, ఆచంద్రార్కము నడువవలెనని వ్రాయించెను. దీపము వెలిగించుట ఒకనాటి పని. ఆరకుండ కాచుట తరతరముల పని. నేడు నేను విన్నవించు అమెరికా వృత్తాంతమునకు ఈ వివేకమే గీటురాయి.

1964వ సంవత్సరమున రాబర్ట్ ఎట్టింగర్ అను భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఒక గ్రంథమును ప్రకటించెను. మృతదేహమును అతిశీతలమున నిలిపినచో భావికాలపు వైద్యులు దానికి ప్రాణము పోయగలరేమో యని ఆయన ఆశ. 1967 జనవరి 12వ తేదీన కాలిఫోర్నియాలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అను 73 ఏండ్ల ఆచార్యుని దేహమును అట్లు నిలిపిరి.

దీనికి వాడునది ద్రవ నత్రజని. దాని శీతలత సున్నకు దిగువ 196 డిగ్రీలు. దేహముంచు పాత్ర మన థర్మాస్ ఫ్లాస్కు వంటిదే: రెండు గోడలు, నడుమ గాలి లేని చోటు. విద్యుచ్ఛక్తి అక్కరలేదు. కాని యెంత మేలైన పాత్రయైనను నత్రజని మెల్లగా ఆవిరియగుచునే యుండును. ఎప్పటికప్పుడు పోయుచునే యుండవలెను. గోడల నడుమకు గాలి చొరబడెనా, ఆవిరియు పెరుగును, వ్యయమును పెరుగును.

ఈ చిన్న సంగతియే పెద్ద అనర్థమునకు కారణమయ్యెను. లాస్ ఏంజిలీసులోని చాట్స్‌వర్త్ శ్మశానవాటికలో ఒక సంఘమువారు నేలమాళిగ కట్టించి దేహముల నుంచిరి. నెలనెల ద్రవ్యము పంపుదుమన్న బంధువులలో పలువురు కొంతకాలమునకు మానివేసిరి. దుఃఖము చల్లారినకొలది చేయియు ముడుచుకొనుట లోకసహజమే కదా! ద్రవ్యము చాలక, ఒకరికై చేసిన పాత్రలో మరి మువ్వురిని చేర్చిరి. యంత్రములు చెడెను, నత్రజని తఱిగెను, దేహములు కరగి శిథిలమయ్యెను. 1979లో ఈ ఘోరము బయటపడెను. పిమ్మట వ్యాజ్యములు నడచి, 1981లో బంధువులకు అనుకూలముగా తీర్పు వచ్చెను.

బెడ్‌ఫోర్డ్ దేహము మాత్రము నిలిచినది. ఏలయనగా అతని కుటుంబమువారు చోటు మార్చుచు, కొన్నియేండ్లు తామే నత్రజని పోయించుచు కాపాడిరి. 1982లో ఆల్కార్ అను సంస్థకు అప్పగించిరి.

ఈ గుణపాఠము పిదపివారికి అబ్బినది. ఇప్పుడు ఆల్కార్‌వారు పూర్తిదేహమునకు సుమారు 2,20,000 డాలర్లును, మిచిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌వారు జీవితకాల సభ్యులకు 28,000 డాలర్లును ముందుగానే విధింతురు. పలువురు దీనిని జీవితబీమా మూలమున చెల్లింతురు. ఆల్కార్‌వారు అందులో పెద్ద భాగమును ప్రత్యేక నిధిగా నుంచి, దాని రాబడితో నత్రజని కొనవలెనని యేర్పాటు చేసిరి. మూలధనము చెదరరాదు, ఫలమే ఖర్చు కావలెను. మన దీపపు గొఱ్ఱెల మంద కూడ ఇదియే కదా!

ఇంతవరకు అట్లు నిలిపినవారిలో ఒక్కరును లేచి రాలేదు. లేతురో లేవరో కాలమే చెప్పవలెను. కాని రేపటివారి కొఱకు ఏదైన నిలుపగోరువారు దాని నిత్యపోషణకు నేడే దారి చూపి పోవలెను. చమురు లేని ప్రమిద చీకటినే కాచును.