గద్దె కూలింది, వెట్టి కూలలేదు

హైదరాబాద్ రాజ్యం ఎందుకు కూలిందంటే మన చరిత్ర పుస్తకాలు సర్దార్ పటేల్ సైన్యాన్ని, రజాకార్ల ఆగడాలను, సాయుధ పోరాటాన్ని చెప్తాయి. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. షోలాపూర్ నుంచి హుమ్నాబాద్ మీదుగా జహీరాబాద్‌కు అది నడిచిన బాట మీదే మా చిరాగ్‌పల్లి ఉంది. 17కల్లా అంతా ముగిసింది. 1724లో మొదలైన ఆసఫ్‌జాహీ పాలన ఐదు దినాల్లో ఎట్లా పోయింది? ఫిరంగులను లెక్కపెడితే దీనికి జవాబు దొరకదని మేము అనుకుంటున్నాం.

ఇస్లామిక్ రాజనీతిలోనే ఒక జవాబు ఉంది. ట్యూనిస్‌లో 1332లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో 'ముఖద్దిమా' రాశాడు. రాజ్యాన్ని నిలబెట్టేది 'అసబియ్య', అంటే మనమంతా ఒకటనే కట్టు అన్నాడు. గద్దెనెక్కినవాళ్లు సుఖం మరిగితే ఆ కట్టు సడలుతుంది. కిరాయి బలగం మీద ఆధారపడతారు, పన్నులు పెంచుతారు, పెంచినకొద్దీ రాబడి తగ్గుతుంది. చివరికి దేశాన్ని పాడుపెట్టేది జులుం. ఆయన మాటా మన ఊళ్ల మాటా ఇక్కడ ఒకటే. జులుంలో ఘోరమైనవాటిలో ఒకటి కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరి అన్నాడు. రెక్కల కష్టమే ఆస్తి అయినవాడి కష్టాన్ని గుంజుకుంటే ఇంకేం మిగుల్తది?

మన దగ్గర దాని పేరు వెట్టి. చచ్చిన గొడ్డును మోసింది, చెప్పులు కుట్టిచ్చింది, అధికారుల సామాను మోసింది మాల మాదిగలు. అప్పు కింద దొరకు కట్టుబడ్డ జీతగాడు భగేలా. సర్కారు 1936లో భగేలా చట్టం చేసింది. కానీ ఊళ్లో సర్కారంటే పటేల్, పట్వారీ, దేశ్‌ముఖే. తన చేతిని తానే ఎట్లా నరుక్కుంటుంది?

నగరంలో కథ వేరు. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. శ్యాంసుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లాడు. దీన్ని ద్రోహమని కొట్టిపారేయడం సులువు. హిందూ పెత్తనానికి భయపడి వాళ్లు కట్టుకోజూసింది ఒక కొత్త అసబియ్యనే. అది వాడదాకా రాలేదు. మధ్యలో వెట్టి అడ్డం నిలబడింది.

కూలినప్పుడు మూల్యం చెల్లించింది గద్దె కాదు, మామూలు ముస్లింలు. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. 2013లో గానీ ఆ నివేదిక బయటపడలేదు. బాగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. జహీరాబాద్ అప్పుడు ఆ జిల్లాలోదే.

ఇబ్న్ ఖల్దూన్ లెక్కలో కులం లేదు. పాత వంశం పోతే కొత్త వంశం వస్తుందన్నాడు. ఇక్కడ వంశం పోయింది, దొర ఉన్నాడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. వంశపారంపర్య పటేల్, పట్వారీ పదవులు 1984లో పోయాయి. కాబట్టి రాజ్యం కూలిన తేదీ 1948 సెప్టెంబర్ 17 ఒక్కటే కాదు. ప్రతి వాడకూ దాని తేదీ వేరే ఉంది. ఆ తేదీలు రాయడం మన పని.