6.1 డిగ్రీలు.. 1946 నుంచి చెరగని హైదరాబాద్ చలి రికార్డు! జనవరి లెక్కల్లో పాతబస్తీ ఎందుకు వేరు? పూర్తి వివరాలు ఇవే

హైదరాబాద్: జనవరి వచ్చిందంటే చాలు.. "చలి పంజా", "గజగజ వణుకుతున్న నగరం" అంటూ ఫోన్లలో వీడియోలు మొదలైపోతాయి. ఒక చోట 8 డిగ్రీలు అంటారు, ఇంకో చోట 12 అంటారు, మరో ఫార్వర్డ్‌లో ఏకంగా "వందేళ్ల రికార్డు బద్దలు" అని ఉంటుంది. మరి ఇందులో ఏది నిజం? అసలు రికార్డు ఎంత? చార్మినార్ దగ్గర ఉండేవాళ్లకు ఆ అంకె వర్తిస్తుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

హైదరాబాద్ అసలు రికార్డు ఇదీ

నగరంలో ఇప్పటివరకు అధికారికంగా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్. 1946 జనవరి 8న బేగంపేటలో రికార్డయింది. అప్పటికి దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఉంది. ఆ తర్వాత ఎన్నో చలికాలాలు వచ్చాయి, పోయాయి. ఆ అంకెను మాత్రం ఏదీ దాటలేదు.

ఇదే బేగంపేటలో అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2 నాటిది. అంటే ఈ నగరం చూసిన చలికి, ఎండకి మధ్య తేడా 39.4 డిగ్రీలు. కాబట్టి "చరిత్రలోనే తొలిసారి" అని ఎవరైనా అంటే ముందు ఈ రెండు అంకెలు గుర్తుచేసుకోవాలి.

అసలు ఎలా కొలుస్తారు?

గోడకు తగిలించిన థర్మామీటర్, కారులో కనిపించే అంకె.. ఇవేవీ రికార్డు కిందకు రావు. భారత వాతావరణ శాఖ కేంద్రాల్లో స్టీవెన్సన్ స్క్రీన్ అనే తెల్లరంగు చెక్క పెట్టె ఉంటుంది. దానికి నాలుగు వైపులా గాలి ఆడే రెక్కలు ఉంటాయి. ఎండ, వాన, నేల వేడి నేరుగా తగలకుండా భూమికి నాలుగడుగుల పైన, ఖాళీ స్థలంలో దాన్ని పెడతారు. లోపలి థర్మామీటర్ రాత్రంతా ఉష్ణోగ్రత ఎంత వరకు పడిపోయిందో గుర్తుపెట్టుకుంటుంది. ఉదయం 8.30కి సిబ్బంది ఆ రీడింగ్ తీసుకుంటారు. టీవీలో చెప్పే "కనిష్ఠ ఉష్ణోగ్రత" అదే.

రోజులో అన్నిటికంటే చల్లటి సమయం అర్ధరాత్రి అనుకుంటారు చాలామంది. అది తప్పు. పగలు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. అందుకే చలి ముదిరేది తెల్లవారుజామున, సూర్యుడు వచ్చే ముందు. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఉదయం 6.45 దాటాకే. సరిగ్గా ఆ గంటలోనే పాల బండ్లు, పేపర్ బాయ్‌లు, పారిశుధ్య కార్మికులు రోడ్ల మీద ఉంటారు.

ఒకే ఊరు.. ఇన్ని అంకెలెందుకు?

వాతావరణ శాఖ చెప్పే అంకె ఒకటైతే, రాష్ట్ర ప్రణాళికా సంఘం చెప్పే అంకెలు మరికొన్ని. ఈ సంస్థకు తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి. ఒక్క నగరంలోనే పదుల చోట్ల రీడింగ్‌లు వస్తాయి. అందులో అన్నిటికంటే తక్కువది ఏదో అదే హెడ్‌లైన్ అవుతుంది.

సాధారణంగా ఆ తక్కువ అంకె వచ్చేది శేరిలింగంపల్లిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి చోట్ల నుంచే. చెట్లు, ఖాళీ నేల, పొలాలు ఉన్న ప్రాంతాలు అవి. అక్కడి 8 డిగ్రీలను 1946 నాటి బేగంపేట 6.1తో పోల్చి "రికార్డుకు చేరువలో" అనడం సరికాదు. స్థలం వేరు, పరికరం వేరు. ఒక కేంద్రం రికార్డును అదే కేంద్రం పాత లెక్కలతోనే పోల్చాలి.

పాతబస్తీలో చలి తక్కువా?

అంకెల్లో అయితే తక్కువే. చార్మినార్, శాలిబండ, యాకుత్‌పురా, మొఘల్‌పురా.. ఎక్కడ చూసినా ఇల్లు ఇల్లు ఆనుకుని ఉంటుంది. ఇరుకు గల్లీలు, సిమెంటు, రాయి, తారు, వాహనాల పొగ. పగలు ఇవన్నీ వేడిని పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. గోడల మధ్య ఇరుక్కున్న ఆ వేడి త్వరగా పైకి పోదు. చెట్లు, ఖాళీ నేల తక్కువ కాబట్టి చల్లబడే దారి కూడా తక్కువ. దీన్నే నగర ఉష్ణ ద్వీపం అంటారు. శివార్లలో దంతాలు కొట్టుకుంటున్న రాత్రి కూడా పాతబస్తీ గల్లీలో కాస్త వెచ్చగా ఉండేది ఇందుకే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పాతబస్తీలో రేకుల ఇళ్లు చాలా ఉన్నాయి. రేకు త్వరగా వేడెక్కుతుంది, అంతకంటే త్వరగా చల్లారుతుంది. తెల్లవారుజాముకి ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు బయటి థర్మామీటర్ అంకెతో పనిలేదు. ఇక ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషికి చలి తగిలేది గాలి నుంచే కాదు, కింద ఉన్న బండ నుంచి కూడా.

ఇంకో సమస్య పొగ. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి కిందే నిలిచిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దాంతో వాహనాల పొగ, చెత్త కాల్చిన పొగ, దుమ్ము పైకి పోలేక ఊపిరి తీసుకునే ఎత్తులోనే తిరుగుతాయి. చలికాలంలో ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు ఇబ్బంది పడేది దీనివల్లే.

చలి ఎక్కడి నుంచి వస్తుంది?

మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాల్లో మంచు కురిపిస్తాయి. అవి దాటిపోయాక ఉత్తరం నుంచి పొడి చల్లగాలి కిందికి దిగుతుంది. మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా ముందు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్ని తాకుతుంది. తర్వాతే హైదరాబాద్. అందుకే చలి వార్తల్లో ఆదిలాబాద్ పేరు ఎప్పుడూ ముందుంటుంది. 2018 డిసెంబర్ 29న నాగ్‌పుర్‌లో 3.5 డిగ్రీలు నమోదైంది. అక్కడ అంత పడిందంటే పక్కనే ఉన్న మనకు కబురు వచ్చినట్టే.

ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి త్వరగా పోతుంది, చలి పెరుగుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బులు పట్టాయంటే ఆ మబ్బులే దుప్పటిలా పనిచేసి రాత్రి ఉష్ణోగ్రతను పైకి తెస్తాయి. ఒక వారం వణికించి మరుసటి వారం ఫ్యాన్ వేయించే హైదరాబాద్ చలి వెనుక ఉన్న కారణం ఇదే.

శీతల గాలులు అని ఎప్పుడు ప్రకటిస్తారు?

వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువకు పడాలి. దాంతోపాటు ఆ రోజుకు ఉండాల్సిన సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు తగ్గాలి. అప్పుడే శీతల గాలులు. 6.4 కంటే ఎక్కువ తగ్గితే తీవ్ర శీతల గాలులు. సాధారణంతో పనిలేకుండా 4 డిగ్రీలకు పడితే శీతల గాలులు, 2 డిగ్రీలకు పడితే తీవ్రం. తీర ప్రాంతాలకు ఈ హద్దు 15 డిగ్రీలు. కొండ ప్రాంతాలకు సున్నా.

జనవరిలో హైదరాబాద్ సాధారణ కనిష్ఠం 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాతబస్తీలో 12 డిగ్రీలు ఉన్న రాత్రిని ఏ లెక్క ప్రకారం చూసినా "శీతల గాలులు" అనరు. హెచ్చరికా రాదు. కానీ ఉస్మానియా ఆసుపత్రి బయట చద్దర్ కప్పుకుని కూర్చున్న రోగి బంధువుకు ఆ 12 డిగ్రీలే పెద్ద గండం. హెచ్చరిక రాలేదంటే ప్రమాదం లేదని కాదు. ఈ విషయం మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి.

దేశంలో జనవరి రికార్డులు

* ఢిల్లీ (సఫ్దర్‌జంగ్): మైనస్ 0.6 డిగ్రీలు, 1935 జనవరి 16. ఈమధ్య కాలంలో 2021 జనవరి 1న 1.1 డిగ్రీలకు పడింది.
* శ్రీనగర్: మైనస్ 14.4 డిగ్రీలు, 1893 జనవరి. 2021 జనవరి 31న మైనస్ 8.8 నమోదైంది. అక్కడ డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గడ్డకట్టే చలిని 'చిల్లై కలాన్' అంటారు.
* బెంగళూరు: 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13.
* ముంబయి: 7.4 డిగ్రీలు, 1962 జనవరి.
* హైదరాబాద్: 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8.

ఈ జాబితా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. హైదరాబాద్ రికార్డు బెంగళూరు, ముంబయి కంటే చల్లనిది. హైదరాబాద్ సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమిపై 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక ఆంధ్రప్రదేశ్‌లో చలి అంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరిని 'ఆంధ్రా కశ్మీర్' అని పిలుస్తారు. దీనికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు.

మరి చలి పెరుగుతోందా, తగ్గుతోందా?

దేశం మొత్తం మీద ఉష్ణోగ్రతల లెక్కలు 1901 నుంచి ఉన్నాయి. ఈ మధ్య చలికాలాల్లో బద్దలవుతున్నవి ఎక్కువగా వేడి రికార్డులే.

* 2022 డిసెంబర్: సగటు పగటి ఉష్ణోగ్రతలో 1901 తర్వాత అత్యంత వెచ్చని డిసెంబర్. సగటు గరిష్ఠం 27.32 డిగ్రీలు.
* 2023 ఫిబ్రవరి: సగటు గరిష్ఠం 29.54 డిగ్రీలు. అప్పటికి ఫిబ్రవరి నెలల్లో అదే రికార్డు.
* 2024: దేశ చరిత్రలో అత్యంత వేడి సంవత్సరం. 1991-2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ.
* 2025 జనవరి: సగటు ఉష్ణోగ్రత 18.98 డిగ్రీలు. 1958, 1990 తర్వాత మూడో వెచ్చని జనవరి. దేశమంతా కలిపి కురిసిన సగటు వర్షం 4.5 మిల్లీమీటర్లే.
* 2025 ఫిబ్రవరి: సగటు 22.04 డిగ్రీలు. 1901 తర్వాత అత్యంత వెచ్చని ఫిబ్రవరి.

అంటే ఇక చలి ఉండదా? అలా కాదు. నెల సగటు వేరు, ఒక్క రాత్రి వేరు. నెలంతా వెచ్చగా గడిచినా మధ్యలో నాలుగు రాత్రులు ఎముకలు కొరికేయొచ్చు. 2024 డిసెంబర్ 21న శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబర్‌లో అక్కడ అంత చలి 50 ఏళ్లలో లేదు. అది దేశంలోనే అత్యంత వేడి సంవత్సరం చివర్లో జరిగింది. కాబట్టి ఒక చల్లని రాత్రి చూపించి "భూమి వేడెక్కడం అబద్ధం" అనడం, ఒక వెచ్చని వారం చూసి "చలికాలం పోయింది" అనడం.. రెండూ తప్పే.

ఇంకో సంగతి. వాతావరణ శాఖ క్యాలెండర్‌లో చలికాలం అంటే జనవరి, ఫిబ్రవరి మాత్రమే. డిసెంబర్‌ను రుతుపవనాల తర్వాతి కాలంలో లెక్కేస్తారు. మన పెద్దలు మాత్రం సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదని, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుందని చెప్పేవారు. ఆ ఫిబ్రవరి నెలే ఇప్పుడు వేసవిలా మారుతోంది.

చలి రాత్రి.. ఎవరికి కష్టం?

పాతబస్తీకి జనవరి అంటే సందడి. మాంజాలు, పతంగులు, తెల్లవారుజామున పొగలు కక్కే నిహారీ, ఇరానీ చాయ్. నాంపల్లిలో 1938లో మొదలైన నుమాయిష్ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నడుస్తుంది. బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కులో పాములకు, పక్షులకు హీటర్లు, గోనె పరదాలు ఏర్పాటు చేస్తారు.

మనుషుల సంగతేంటి? కేంద్ర పథకం నిబంధనల ప్రకారం నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా శాశ్వత నైట్ షెల్టర్ వసతి ఉండాలి. ఇది దయ కాదు, నిబంధన. రోడ్డు పక్కన వణుకుతూ ఎవరైనా కనిపిస్తే జీహెచ్‌ఎంసీకి సమాచారం ఇవ్వొచ్చు. మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
* ఒకే మందపాటి స్వెట్టర్ కంటే రెండు మూడు పలుచటి బట్టలు మేలు. తల, చెవులు, పాదాలు కప్పుకోవాలి.
* గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లు ఎండ వచ్చాకే వాకింగ్‌కు వెళ్లాలి.
* నేల మీద పడుకునేవాళ్లు పైన కప్పుకోవడంతో పాటు కింద అట్టలు, మందపాటి గోనె పరుచుకోవాలి.
* పొగమంచులో బండి నెమ్మదిగా నడపాలి. 50 మీటర్ల లోపే కనిపిస్తుంటే దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటారు.

ఫార్వర్డ్ చేసే ముందు..

ఈసారి "రికార్డు చలి" అని వీడియో వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ అంకె ఏ కేంద్రానిది? ఆ రోజు అక్కడ ఉండాల్సిన దానికంటే ఎంత తక్కువ? ఎప్పటి నుంచి ఉన్న లెక్కల్లో అది రికార్డు? మూడింటికీ జవాబు ఉంటే నమ్మొచ్చు. లేకపోతే వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్‌లో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. బేగంపేటలో 6.1 కంటే కిందికి పడితే తప్ప హైదరాబాద్ పాత రికార్డు చెరిగినట్టు కాదు.