నెలల లెక్క ఎవరిది?

"ఎన్నో నెలమ్మా?" అని అడగడం మన ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన హక్కు. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, కూరలబుట్ట దించుతూ కూరలావిడ అడుగుతుంది, రేషను షాపు దగ్గర ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి మరీ అడుగుతుంది. జవాబు ఏడో, ఎనిమిదో అనుకోండి, రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: "ఇంకా పనికి పోతున్నావా?" పోతున్నానంటే, "అయ్యో, ఇంట్లోవాళ్ళకి దయలేదు కాబోలు" అనుకుంటారు. మానేశానంటే, "మా కాలంలో నొప్పులొచ్చేదాకా చేసేవాళ్ళం తల్లీ" అంటారు. చూలాలు ఏం చేసినా తప్పే!

ఈ రెండో ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. నెలలు మోసేది ఆవిడే అయినా, "ఇక చాలు, ఈ రోజుతో ఆపు" అని చెప్పే అధికారం మాత్రం ఎవరెవరి చేతుల్లోనో తిరిగింది. ఆ తిరుగుడు కథే ఇది.

మాది గోరంట్ల. చిత్రావతి ఒడ్డున మాధవరాయస్వామి గుడి ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. వానదేవుణ్ణి నమ్ముకుని శనక్కాయ విత్తే నేల. ధర్మవరంలో మగ్గాలు, హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు. ఎటు చూసినా ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండే ప్రాంతం కాదిది.

మా వైపూ, మీ వైపూ పూర్వం ఒక ఏర్పాటుండేది. సీమంతం చేసి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లను పుట్టింటికి తీసుకుపోయేవారు. ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదు. ఇది వేడుక అనుకుంటాం గాని, ఆలోచిస్తే ఆ రోజుల్లో ఆడదానికి దొరికే ఒకే ఒక ప్రసూతి సెలవు అది. దరఖాస్తు పెట్టేది పుట్టింటివాళ్ళు, సంతకం చేసేది అత్తగారు, తేదీ వేసేది పంచాంగం. ఆ కాగితం మీద చూలాలి వేలిముద్ర ఎక్కడా ఉండదు!

పైగా ఆ సెలవు ఒక్కసారికే. ఆపస్తంబ గృహ్యసూత్రంలో కూడా సీమంతం మొదటి గర్భానికే, నాలుగో నెలలో చెప్పారు. రెండో కాన్పుకూ మూడో కాన్పుకూ గాజులూ లేవు, బండీ రాదు. మా అవ్వ నవ్వుతూ అనేది: "తొలి కానుపు అమ్మింటికి, మలి కానుపులు చేనికీ మ్మే!" శనక్కాయ కలుపు తీసే రోజులూ, కాయలు పీకే రోజులూ కడుపును చూసి ఆగవు కదా. మగ్గం ఇళ్ళలో ఇంకో రకం. గుంట మగ్గంలో కూర్చుంటే నేసిన బట్ట చుట్టుకునే కొయ్య సరిగ్గా పొట్ట దగ్గరుంటుంది. ఆ కొయ్యే చెప్పేది, ఇక దిగమ్మా అని. దిగి ఏం చేసేది? కండెలు చుట్టడానికి కూచునేది. పని మారేదే గాని, మానేది కాదు.

అన్నట్టు, అసలీ నెలల లెక్క ఎంతవరకు నమ్మదగ్గదో చూశారా? డాక్టర్లు ఈనాటికీ వాడే లెక్కకు నేగెలె అనే జర్మన్ ప్రసూతి వైద్యుడి పేరుంది. ఆయన 19వ శతాబ్దం మొదటి రోజుల వాడు. ఆఖరి ముట్టు మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి జరగండి, వచ్చే ఏడాది ఆ తేదీకి కాన్పు. మొత్తం సుమారు 280 రోజులు. మన పెద్దవాళ్ళు చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కించేవారు కనుక అవే 280 రోజులు వాళ్ళకు తొమ్మిదిన్నర నెలలు. "పదో నెల పడింది, ఇంకా కాలేదు" అని కంగారుపడటం అందుకే. ఇంతా చేస్తే, సరిగ్గా చెప్పిన రోజున పుట్టే పిల్లలు నూటికి నలుగురో ఐదుగురో. ఎప్పుడొస్తుందో తెలియని రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి, "ఇన్ని వారాల ముందు ఆగు" అని చెప్పాలన్నమాట!

ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఫ్యాక్టరీలకు వెళ్ళాక ప్రశ్న ముదిరింది. యంత్రానికి పంచాంగం తెలియదు, పుట్టిల్లూ లేదు. 1877లో స్విట్జర్లాండు ఒక చట్టం చేసింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు కాన్పుకు ముందూ వెనకా కలిపి 8 వారాలు పనికి రాకూడదు. మంచిదే. కాని ఆ 8 వారాలూ ఏం తినాలో ఆ చట్టం చెప్పలేదు. జీతం లేదు! ఆపమని ఆజ్ఞ ఇవ్వడం తేలిక, ఆగిన రోజుల తిండి ఎవరు పెడతారన్నదే కష్టం. ఆ తర్వాత జరిగిన చరిత్రంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ జరిగింది. కాన్పుకు ముందు 6 వారాలు, తర్వాత 6 వారాలు, ఆ రోజులకు తల్లీబిడ్డలకు సరిపడా భృతి అని ఒప్పందం రాశారు. ముందు 6 వారాలు ఆగడం ఆమె హక్కు; తర్వాత 6 వారాలు ఆగడం తప్పనిసరి. అందులో ఒక చిన్న వాక్యం నాకెంతో నచ్చింది. డాక్టరు గాని మంత్రసాని గాని తేదీ అంచనా తప్పితే, ఆ తప్పు కారణంగా తల్లికి రావలసింది ఆపకూడదుట! నేగెలె గారి లెక్క ఎంత గట్టిదో ఆ రాసినవాళ్ళకు తెలుసు గావును.

మన దేశంలో 1928లో బొంబాయి శాసనమండలిలో ఈ చర్చ వచ్చింది. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలనీ, కనుక ఆ ఖర్చులో ప్రభుత్వానికీ వాటా ఉండాలనీ అంబేద్కర్ వాదించారు. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. 1931లో విట్లీ గారి రాయల్ కమిషన్, ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు అని సిఫారసు చేసింది. మద్రాసు చట్టం 1934 నాటిది. 1953 అక్టోబరు దాకా మా అనంతపురం మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి కాగితం మీద అది మాకూ చట్టమే. కాని అది ఫ్యాక్టరీ గేటు దాటి శనక్కాయ చేలోకి రాలేదు.

1961లో దేశానికంతటికీ కేంద్ర చట్టం చేశారు. 12 వారాలు: కాన్పు రోజుతో కలిపి ముందు 6, తర్వాత 6. ఆ 6 వారాలకు ముందు నెలలో కూడా బరువు పనీ, గంటల తరబడి నిలబడే పనీ చెప్పకూడదు. కాని ఒక షరతు. ఆమె నోరు తెరిచి అడగాలి. మన ఆడవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైన పని అదే కదూ!

ఇంతవరకు "ఆగనివ్వండి మహాప్రభో" అనే మొర. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆగనని మొత్తుకున్నా ఆపేసే వైపు.

అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో స్కూలు బోర్డుకు ఒక నియమం ఉండేది. కాన్పు ఇంకా ఐదు నెలలుందనగా టీచరు జీతం లేని సెలవు మీద వెళ్ళిపోవాలి. జో కేరల్ లఫ్లూర్ అనే టీచరుకు 1971 జులైలో కాన్పు. జూన్ దాకా పాఠాలు చెప్పి విద్యా సంవత్సరం పూర్తి చేస్తానంది. కుదరదని మార్చిలోనే పంపేశారు. ఆ నియమానికి చెప్పిన కారణాల్లో ఒకటి వింటే నవ్వొస్తుంది. "మా టీచరు పుచ్చకాయ మింగింది" అని పిల్లలు నవ్వుతారుట! ఆవిడ కోర్టుకెక్కింది. కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ ఫలానా నెలకు పనికిరాకుండా పోతుందని గుత్తగా తీర్మానించడం చెల్లదని 1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికా దాకా ఎందుకు? పెళ్ళయిన కొత్తలో నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఏడో నెల వచ్చేసరికి యాజమాన్యంవారు పిలిచి, "మీ ఆరోగ్యం కోసమేనమ్మా, పెద్ద తరగతుల పిల్లలు కూడా ఉన్నారు కదా" అన్నారు. నా ఆరోగ్యానికీ పదో తరగతి పిల్లలకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే. ఆ నెల నుంచి జీతం లేదని. లఫ్లూర్ గారి కథ చాలా ఏళ్ళ తర్వాత చదివి, ఆవిడకు మనసులోనే ఒక నమస్కారం పెట్టుకున్నాను.

మన విమాన పరిచారికల కథ ఇంకా ఘోరం. మొదటి గర్భం రాగానే ఉద్యోగం నుంచి విరమించాలని ఎయిర్ ఇండియా నిబంధనల్లో ఉండేది. ఎన్నో నెలన్న ప్రశ్నే లేదు, కడుపు పండిందంటే కొలువు పోయినట్టే. నర్గీస్ మీర్జా, తదితరులు వేసిన కేసులో 1981 ఆగస్టులో మన సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది.

ఆ తర్వాత 1988లో ఒక సవరణ వచ్చింది. పత్రికల్లో పెద్దగా చర్చకు వచ్చినట్టు లేదు గాని, నా లెక్కలో అది పెద్ద విషయం. 12 వారాల్లో ముందు వాడుకునేది 6 వారాలకు మించకూడదు అన్నారు. అంటే 6 వాడుకోవచ్చు, 2 వాడుకోవచ్చు, అసలు వాడుకోకపోవచ్చు. మొట్టమొదటిసారి తేదీ వేసే కలం ఆమె చేతికొచ్చింది! 2017లో 12 వారాలు 26 అయ్యాయి, ముందు వాడుకోగలిగేవి 8. ఇద్దరు బిడ్డలుండగా మళ్ళీ గర్భమైతే పాత 12 వారాలే. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే లెక్క ఉంచారు. మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగినులకు 2010 నుంచి 180 రోజులు.

కలం చేతికొచ్చాక ఏమయింది? మా వైపు టీచరమ్మలు తొమ్మిదో నెలలో కూడా బస్సెక్కి బడికొస్తారు. ధైర్యమనుకుంటారు చూసేవాళ్ళు. నిజానికి అది కూడికలూ తీసివేతలూ. ముందు వాడుకున్న ప్రతి వారమూ బిడ్డ వాటాలోంచి పోతుంది. పాలు మరవని పసిగుడ్డును ఒక వారం ముందే వదిలి వెళ్ళాలి. అందుకని తన నడుంనొప్పిని తానే పక్కన పెడుతుంది. అంతా సవ్యంగా ఉంటే కూచుని చేసే పని నెలలు నిండేదాకా చేసుకోవచ్చని డాక్టర్లూ అంటారు. కాని రక్తపోటు పెరిగినా, ముఖం వాచినా, ఎర్రబట్ట కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఇక ఏ లెక్కా లేదు, ఆ రోజే ఆసుపత్రికి. ఇది మాత్రం మరవకండి.

మరి చేలో వంగిన ఆమె సంగతి? 2000 మార్చిలో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కూలీల కేసులో, రోడ్డు పనుల్లో కాలవలు తవ్వే రోజుకూలీ స్త్రీలకు కూడా ప్రసూతి సెలవు హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళకు యజమాని ఉన్నాడు, పేరున్న రిజిస్టరుంది. శనక్కాయ చేనుకు అవేవీ లేవు. 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని ఆ చట్టం రాశారు. పుట్టిన బిడ్డకు నీడ దొరికింది. పుట్టబోయే బిడ్డ తల్లికి కూలితో సెలవు దొరకలేదు.

2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన యోజన మొదటి కాన్పుకు 5000 అంది. రోజుకు 300 కూలి అనుకున్నా, 5000 అంటే 17 రోజులు కూడా నిండవు. ఆఫీసులో ఉన్నామెకు 26 వారాలు, చేలో ఉన్నామెకు రెండున్నర వారాలు! ఇక్కడా మొదటి కాన్పే చూశారా? రెండో బిడ్డ ఆడపిల్లయితేనే మళ్ళీ డబ్బన్న మాట 2022లో వచ్చింది. మా అవ్వ చెప్పిన లెక్క ఇంకా పూర్తిగా మారలేదన్నమాట.

మాట్లాడితే "ఆమె ఇష్టం" అంటాం. నిజమే, ఎప్పుడు ఆగాలో ఆమె శరీరానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాని ఆగిన రోజు పొయ్యి మీదకు బియ్యం ఎవరు తెస్తారో తేలకుండా ఆమెకు ఇష్టమెక్కడిది? ఆపేవాడు ఆపినా, ఆగనిచ్చేవాడు లేకపోయినా, రెండు చోట్లా పోయేది ఆమె కూలే.

అందుకని ఒక చిన్న మనవి. ఈసారి మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికో, వీధిలో ఆకుకూరలమ్మే అమ్మాయికో కొంగు కాస్త ఎత్తుగా కనిపిస్తే, "ఎన్నో నెలమ్మా?" అని ఎలాగూ అడుగుతారు. అడగండి. "ఇంకా పనికొస్తున్నావా?" అనే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, "మానితే ఎలా గడుస్తుంది?" అని కూడా అడగండి. పనిమనిషయితే ఆ ప్రశ్నకు జవాబులో కొంత భాగం మీ చేతిలోనే, మీ పర్సులోనే ఉంటుంది. ఆ రెండు నెలల జీతం ఆపకుండా ఇచ్చి చూడండి. తేదీ ఆమే వేసుకుంటుంది.