మోర్గాన్ లూయిస్ గాలిమర (బార్బడోస్)

కరీబియన్ దీవి బార్బడోస్ ఈశాన్య భాగాన, సెయింట్ ఆండ్రూ పారిష్‌లోని కొండవాలు మీద ఉన్న పాత చెరకు గానుగ ఇది. గాలితో తిరిగే చెరకు గానుగల్లో యంత్రభాగాలన్నీ నిలిచి ఉన్నవి అరుదు. అలాంటివాటిలో కరీబియన్ ప్రాంతం మొత్తానికీ ఇదే పెద్దదని సాధారణంగా చెబుతారు. దీవిలో మిగతా గాలిమరలు ఒక్కొక్కటిగా మూతపడ్డాక కూడా ఇది చెరకు ఆడుతూనే ఉంది. పని ఆగిన ఏడు 1947 అని ఎక్కువమంది రాశారు; రెండు మూడేళ్లు ముందే ఆగిందన్న లెక్కా ఉంది.

కట్టిన కాలం గురించి మరింత జాగ్రత్త అవసరం. 1727 అన్న సంవత్సరం తరచూ కనబడుతుంది, కానీ పద్ధతిగా రాసేవారు దానికి ‘కొందరి ప్రకారం’ అని చేరుస్తారు. రాతి గోపురం ఒక కాలానిదీ లోపలి ఇనుప సామాను మరో కాలానిదీ కావడం ఈ గానుగల్లో మామూలు విషయం. రోలర్లు అరిగితే మార్చేవారు, దూలాలు పుచ్చితే కొత్తవి వేసేవారు. అందుచేత గోడలను స్థూలంగా 18వ శతాబ్దానివిగా, యంత్రాన్ని తరతరాల మరమ్మతుల ఫలితంగా చూడటమే సబబు.

బార్బడోస్‌లో పంచదార తోటలు 1640లలో ఊపందుకున్నాయి. 1647లో అక్కడికి వచ్చి కొన్నేళ్లు గడిపిన రిచర్డ్ లైగన్ 1657లో అచ్చువేసిన పుస్తకంలో వర్ణించినవి ఎడ్లూ గుర్రాలూ తిప్పే గానుగలే. గాలిమరలు ఆ తర్వాత పెరిగాయి. వాటికి ఈ దీవి ఎందుకంత అనువైందో పటం చూస్తేనే అర్థమవుతుంది. కరీబియన్ దీవులన్నిటిలోకీ తూర్పు కొసన ఉన్నది ఇదే. అట్లాంటిక్ మీదుగా వచ్చే వాణిజ్య పవనాలకు అడ్డే లేదు. పైగా గానుగలు తిప్పగలిగేంత నదులు ఇక్కడ లేవు. 1846 నాటి లెక్క ఒకటి దీవిలో 506 గాలిమరలున్నాయని చెబుతుంది. పొడవు 34 కిలోమీటర్లకు మించని దీవికి అది మామూలు సంఖ్య కాదు.

గానుగ తీరు ఇది. కిందికి వెడల్పుగా, పైకి సన్నబడే రాతి గోపురం. దాని నెత్తిన చెక్కతో చేసిన టోపీ వంటి కప్పు. రెక్కల ఇరుసు అందులో ఉంటుంది. గాలి దిశ మారినప్పుడల్లా, వెనక నుంచి నేలదాకా వాలి ఉన్న పొడవాటి దూలాన్ని పట్టి ఆ కప్పును మొత్తంగా తిప్పి రెక్కలను గాలికి ఎదురు నిలపాలి. రెక్కలు చెక్క చట్రాలు. వాటిపై గుడ్డ పరుస్తారు. గాలి ముదిరితే గుడ్డ తగ్గించాలి. ఇరుసు తిరిగితే పళ్లచక్రాల మీదుగా ఆ బలం నిలువు స్తంభానికి, అక్కడి నుంచి కింద ఉన్న మూడు రోలర్లకు చేరుతుంది. ఒకరు చెరకు గడలు అందిస్తుంటే, ఒకసారి నలిగినదాన్ని రెండోసారి పిండేందుకు అవతలి వైపు మరొకరు ఉండేవారు. రసం కాలువ గుండా కాచే ఇంటికి పారేది. అక్కడ వరసగా పెద్ద బానలు. పొయ్యిలోకి ఎండిన పిప్పే వంటచెరకు.

నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే రసం పులుస్తుంది. కాబట్టి జనవరి నుంచి వేసవి మొదలుదాకా సాగే కోత కాలంలో గానుగ వేళలను గాలే నిర్ణయించేది. గాలి వీచినంతసేపూ ఆగకూడదు, రాత్రయినా సరే.

ఆ రాత్రుళ్లు పనిచేసినవారు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు, వారి సంతానం. నిద్ర చాలని మనిషి చెయ్యి రోలర్ల మధ్య చిక్కితే గాలిమరను వెంటనే ఆపడం సాధ్యం కాదు. చెయ్యి నరికి ప్రాణం కాపాడేందుకు పక్కన గొడ్డలి ఉంచేవారని కరీబియన్ తోటల గురించిన పాత రచనలు చెబుతాయి. మోర్గాన్ లూయిస్‌ను యంత్ర నైపుణ్యానికి మాత్రమే ఉదాహరణగా చూపే వర్ణనలు అసంపూర్ణమైనవి. ఈ రోలర్ల దగ్గర నిలబడ్డవారిని వదిలేసి దీని కథ చెప్పడం న్యాయం కాదు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వ రద్దు 1834లో మొదలైనా, ‘అప్రెంటిస్’ పేరిట కట్టుబడి పని 1838దాకా సాగింది.

ఆపై చాలా కరీబియన్ వలసలు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకున్నాయి. మద్రాసు రేవు నుంచి గయానాకు, ఫ్రెంచి ఓడల్లో గ్వాడలూప్, మార్టినిక్‌లకు వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. బార్బడోస్‌కు మాత్రం ఆ వలస రాలేదు. జనం కిక్కిరిసిన దీవి కావడం, విముక్తులైనవారికి సొంతంగా సాగు చేసుకునే ఖాళీ నేల లేకపోవడంతో తోటలకు కూలీల కొరత కలగలేదు.

గానుగ యజమాని ఎగ్బర్ట్ బానిస్టర్ 1962లో దీన్ని బార్బడోస్ నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. ప్రపంచ స్మారక నిధి 1996లో దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. 1997లో యంత్రాన్ని విప్పి మరమ్మతు ప్రారంభించారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ద్వారా డబ్బు అందింది. 1999లో తిరిగి తెరిచాక రెక్కలు తిరిగాయి. అరశతాబ్దం తర్వాత ఇక్కడ మళ్లీ చెరకు రసం కారింది.

2013లో విడుదలైన బార్బడోస్ రెండు డాలర్ల నోటు వెనకవైపు ఈ గాలిమర ఉంది, ముందువైపు జాన్ రెడ్‌మన్ బోవెల్. ఆ జత సరైనదే. చెరకు విత్తనం మొలకెత్తుతుందని 1888 ప్రాంతంలో హారిసన్ అనే శాస్త్రవేత్తతో కలిసి బార్బడోస్‌లో నిరూపించినవాడు బోవెల్. జావాలో సోల్ట్‌వెడెల్ దాదాపు అదే సమయంలో ఈ సంగతి కనుక్కున్నాడు. విత్తనంతో సంకరం చేయవచ్చని తేలాకే కొత్త రకాల సృష్టి సాధ్యమైంది. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకటరామన్ సాధించిన ‘కో’ చెరకు రకాలకూ మూలం ఆ జ్ఞానమే.

చూడబోయేవారు చెర్రీ ట్రీ హిల్ మీదుగా, మహాగని చెట్ల మధ్య నుంచి దిగే దారి పట్టడం మంచిది. కొండ మీద నుంచి స్కాట్లాండ్ డిస్ట్రిక్ట్ అనే ఆ ప్రాంతం మొత్తం, దాని అంచున అట్లాంటిక్ తీరం కనబడతాయి. గానుగ లోపల తోట పనిముట్లు, పాత ఫొటోలు ప్రదర్శనకు ఉంచారు. మరమ్మతుల కోసం ఇది మూసి ఉన్న కాలాలున్నాయి కాబట్టి ముందే ట్రస్టును అడిగి వెళ్లాలి. పైన ఉన్న సెయింట్ నికలస్ అబ్బే అనే పాత తోట బంగళాలో 1930లలో తీసిన ఒక చలనచిత్రం చూపుతారు. గాలిమర పనిచేస్తుండగా మనుషులు ఎక్కడ నిలబడేవారో, గడలు ఎలా అందించేవారో అందులో కనబడుతుంది; ముందు అది చూసి తర్వాత మోర్గాన్ లూయిస్‌కు వస్తే యంత్రం త్వరగా అర్థమవుతుంది. పోల్చి చూడాలనుకునేవారికి ఆంటిగ్వాలోని బెట్టీస్ హోప్ ఉంది. కోడ్రింగ్టన్ కుటుంబం చేతిలో 1674 నుంచి 1944దాకా ఉన్న ఆ తోటలో జంట గాలిమరల్లో ఒకదాన్ని 1990లలో బాగుచేశారు.