మినిట్స్ లేని మీటింగులు

మన ఆఫీసుల్లో పావుగంట స్టాండప్ పెట్టుకున్నా సాయంత్రానికి మినిట్స్ మెయిల్ వచ్చి పడుతుంది. ఎవరెవరు వచ్చారు, ఎవరేం అన్నారు, ఎవరి నెత్తిన ఏ పని పడింది, అన్నీ ఉంటాయి. (ఎవడూ చదవడనుకోండి, అది వేరే సంగతి.) అదే ఒక పదిమంది క్వార్టర్లో చాప పరుచుకుని కూర్చుని, ఒకాయన రాసుకొచ్చిన కథ విని, తర్వాత దాన్ని చీల్చి చెండాడిన మీటింగుకి మాత్రం కాగితం ముక్క కూడా మిగలదు. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు తెలుగు కథ ఎలా తయారైందో తెలుసుకుందామంటే మొదట అడ్డు పడేది ఇదే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం పాత కథ. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, 1889 నుంచి తవ్వడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. 1945కల్లా నిజాం సర్కారు చేతికి వచ్చింది. మా ఖని వైపు బాయిలు పడింది మాత్రం 1960 ప్రాంతంలోనే. అంటే ఊరంతా కలిపి మా తాత కంటే చిన్నది :) హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టారు. పక్కనే ఉన్న మంథని వేదపండితుల ఊరు. ఖనికి అలాంటి గ్రంథాలయమూ లేదు, పండిత వంశాలూ లేవు, కవుల్ని పోషించే దొరా లేడు. ఉన్నదల్లా కంపెనీ, క్వార్టర్లు, సైరన్, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనం.

ఆ జనంలో కథలు ఎలా పుట్టాయి మరి?

దానికి ముందు ఇంకో సంగతి. తెలంగాణలో నలుగురు కూర్చుని చదువుకోవడం ఎప్పుడూ అంత అమాయకమైన పని కాదు. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది, సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి రోజుల్లోనే సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు! తెలంగాణలో కవులు లేరన్న మాటకి ఆయన వాదన పెట్టుకోలేదు, లిస్టు ఇచ్చారు. డేటాతో కొట్టడమంటే అదీ.

నిజాం పోయాక ఆ భయం పోయిందా అంటే, ఖని వైపు పూర్తిగా పోలేదు. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసులో విప్లవ రచయితల్ని ముద్దాయిలుగా పెట్టారు, ఆ కేసు 1989లో గానీ కొట్టేయలేదు. మధ్యలో ఎమర్జెన్సీ. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 2005 ఆగస్టులో విరసాన్నే నిషేధించారు, అది కొద్ది నెలలకే పోయింది. ఇవన్నీ చూశాక, ఫలానా ఆదివారం ఫలానావారింట్లో ఫలానావాళ్ళం కలిశాం అని నోటుబుక్కులో రాసి పెట్టుకునే వెర్రివాళ్ళు ఎవరుంటారు? రాస్తే అది చరిత్ర కాదు, సాక్ష్యం. మినిట్స్ ఎందుకు లేవో నాకు దొరికిన జవాబు ఇంతే.

చుట్టుపక్కల మాత్రం ఇలాంటి గుంపుల పేర్లు గట్టిగానే వినిపిస్తాయి. హనుమకొండలో కాళోజీ సోదరుల మిత్రమండలి ఉండేది, రాసినవాళ్ళు అక్కడ చదివి వినిపించేవాళ్ళు. వరంగల్ సాహితీ మిత్రుల చేతుల మీదుగా 1966లో సృజన పత్రిక వచ్చింది. జగిత్యాలలో సాహితీ మిత్ర దీప్తి. అలిశెట్టి ప్రభాకర్ అక్కడివాడే. ఫోటోలు తీసి బతికిన కవి ఆయన. జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ... స్టూడియోల పేర్లు చూసినా మనిషి తెలుస్తాడు. 1993లో క్షయతో పోయాడు. నలభై కూడా నిండలేదు.

ఖనిలో అసలు ఇబ్బంది పోలీసు కంటే షిఫ్టు అని నా అనుమానం. మనకి యూఎస్ కాల్ ఉంటేనే ఆ రోజు బతుకు పాడైందని గోల పెడతాం. బాయిలో మూడు షిఫ్టులు. మా నాన్న నైట్ షిఫ్టు వారం ఎప్పుడు వస్తుందో బట్టి మా ఇంట్లో పెళ్ళిళ్ళకి పోవుడు, పోకుండుడు తేలేది. పదిమంది గుంపులో ఏ సాయంత్రం చూసినా ముగ్గురు లోపల ఉంటారు, ఇద్దరు నిద్రలో ఉంటారు. కథకి ఒక గది కావాలి, గంట సేపు నిశ్శబ్దం కావాలి. పాటకి ఇవేవీ అక్కర్లేదు. మస్టర్ దగ్గరా పాడొచ్చు, గేటు మీటింగులోనూ పాడొచ్చు, చదువు రానివాడూ పట్టుకుపోతాడు. బొగ్గు బెల్టులో జన నాట్యమండలి, గద్దర్, లింగాపురం నుంచి వచ్చిన గూడ అంజయ్య పాటలు పాకినంతగా ఏ కథా పాకకపోవడానికి ఇదీ ఒక కారణమే.

అయినా కథ నిలబడింది. అల్లం రాజయ్య ఊళ్ళ కథతో మొదలుపెట్టి బాయిల దాకా వచ్చారు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి పనిపిల్ల, చావువిందు కథలు చదవనివాళ్ళుంటే ముందు అవి వెతుక్కోండి. పి.చంద్ అయితే సింగరేణి బతుకునే పట్టుకుని రాస్తూ వచ్చారు. సింగరేణి తొలి తరం కార్మిక నాయకుడి మీద ఆయన రాసిన నవల పేరు శేషగిరి.

వీళ్ళ భాష చూడండి. తట్ట, చెమ్మస్, టబ్బు, హాలేజీ, సర్దార్, బదిలీ ఫిల్లర్... ఇవి గదిలో కూర్చుని ఊహిస్తే వచ్చే మాటలు కావు. చదువుతుంటే పక్కన ఒక ఫిల్లర్ కూర్చుని "అన్నా, రూఫ్ కూలేటప్పుడు గట్ల సప్పుడు రాదే" అని అడ్డం పడే చోట రాసిన వాక్యాలు. కోడ్ రివ్యూలో మనం వేరియబుల్ పేరు బాలేదని కామెంట్ పెడతాం. అక్కడ రివ్యూ చేసేవాడు మొన్ననే శవాన్ని పైకి మోసుకొచ్చి ఉంటాడు.

ఈ రివ్యూతో నష్టం కూడా జరిగిందని నా అభిప్రాయం. కథ బాగుందా అని కాకుండా లైన్ కరెక్టుగా ఉందా అని చూసే అలవాటు ఆ తరంలో బలంగా ఉండేది. ముగింపులో జెండా కనపడకపోతే కథ పూర్తి కాలేదన్నట్టు... వస్తువు ముఖ్యమా శిల్పం ముఖ్యమా అన్న ఆ పాత తగాదా అందరికీ తెలిసిందే. రఘోత్తమరెడ్డి మంచి కథలు ఇప్పటికీ నిలబడటానికి కారణం అవి ఆ పరీక్ష కోసం రాసినట్టు ఉండకపోవడమే.

1981 సమ్మె గురించి చెప్పకపోతే తప్పు. నోటీసు లేకుండా సమ్మె చేస్తే ఒక్క రోజుకి ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద కార్మికులు తిరగబడ్డారు. 56 రోజులు బాయిలు బంద్. ఆ సమ్మె నుంచే సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, పుట్టింది. 56 రోజులు షిఫ్టు లేదు, సైరన్ వెనక పరుగు లేదు. వేలమంది ఒకేసారి ఇంటి పట్టున ఉండి మాట్లాడుకున్న కాలం ఖని చరిత్రలో అంతకుముందు లేదేమో. తర్వాతి సింగరేణి సాహిత్యంలో ఆ సమ్మె మళ్ళీ మళ్ళీ కనిపిస్తుందంటే ఆశ్చర్యం లేదు.

ఒక్క వెలితి మాత్రం చాలా పెద్దది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళని భూగర్భంలో దిగనివ్వలేదు. 2019లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అందుకని బాయి లోపలి కథంతా మగవాళ్ళు చెప్పిందే. మొదటి షిఫ్టుకి తెల్లారుజామున లేచి టిఫిన్ కట్టి, మొగుడు తిరిగొచ్చేదాకా గడియారం చూసిన మనిషి కథ ఆ చాపల మీదకి ఎన్నిసార్లు వచ్చిందో! ఆమె వంటింట్లోంచి చాయ్ పంపించి ఉంటుంది, అంతే.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకి పైగా కార్మికులు. ఇప్పుడు నలభై వేలు అటూఇటూ. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి 2021లో మళ్ళీ మొదలైంది, కానీ ఆ మధ్యలో ఒక కాలనీ మొత్తం ఖాళీ అయింది. వాళ్ళ పిల్లలు, నాతో కలిపి, మాదాపూర్‌లోనో డాలస్‌లోనో లాప్‌టాప్ ముందు ఉన్నారు. ఆ మీటింగుల్లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళుగా కూర్చున్నవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి. రిటైరై, దగ్గుతో, కొడుకుల ఫ్లాట్లలో ఉంటున్నారు.

మీ నాన్నగారో మామయ్యగారో యైటింక్లైన్ కాలనీలోనో, బెల్లంపల్లిలోనో, కొత్తగూడెంలోనో పనిచేసి ఉంటే, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఒక్కమాట అడగండి: ఎవరి క్వార్టర్లో కూర్చునేవాళ్ళు, ఎవరు చదివేవాళ్ళు, ఏ కథ దగ్గర కొట్లాట అయింది అని. నేను మా నాన్నతో మొదలుపెట్టాను. మొదటి పేరు చెప్పి, "వాడు కథ చదువుడు మొదలువెడితే నాకు నిద్రొచ్చేది" అన్నాడు.